లో ప్రొఫైల్ టైర్లకు గాలి ఎంత పెట్టాలి? 32 అంటున్నారు, 40 అంటున్నారు (వైజాగ్)

ఎండాడ_సెడాన్ | 8 నవంబరు, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మూడు నెలల క్రితం ఒక సెకండ్ హ్యాండ్ సెడాన్ కొన్నాను. పాత ఓనరు కంపెనీ చక్రాలు తీసేసి 17 అంగుళాల అల్లాయ్‌లు, వాటికి పక్కగోడ పొట్టిగా ఉండే లో ప్రొఫైల్ టైర్లు వేయించుకున్నారు. టైరు మీద 225/45 ఆర్17 94డబ్ల్యూ ఎక్స్‌ఎల్ అని ఉంది. డ్రైవర్ డోరు తెరిస్తే కనిపించే స్టిక్కర్ మీదేమో 205/55 ఆర్16, నాలుగింటికీ 33 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) అని రాసి ఉంది. స్టిక్కర్ చెప్పే టైరు బండికి లేదు, బండికి ఉన్న టైరు ఊసు స్టిక్కర్‌లో లేదు.

మా వీధి చివర పంచరు షాపాయన "సన్న టైర్లు బాబూ, 40 కొట్టకపోతే రిమ్ములు వంగిపోతాయి" అంటాడు. పెట్రోలు బంకులో కుర్రాడు అడక్కుండానే 32 పెట్టేస్తాడు. 40 ఉన్నప్పుడు బండి కంకర మీద పోతున్నట్టు ఉంటుంది, మా ఆవిడ నడుము నొప్పి అంటోంది. 32 పెట్టిస్తే హాయిగానే ఉంది. కానీ పోయిన వారం గాజువాక దాటాక వాన నీళ్లలో గొయ్యి కనపడక బండి ధబేలుమని దిగింది. ఇంటికొచ్చి చూస్తే ముందు ఎడమ టైరు పక్కన నిమ్మకాయంత బుడిపె. అది చూసిన దగ్గర్నుంచి నిద్ర పట్టడం లేదు.

ఇంకో సంగతి. వెనక కుడి టైరులో వారానికి 3 పీఎస్‌ఐ తగ్గుతోంది. రెండు చోట్ల చూపించాను, పంచరు లేదన్నారు. ఇల్లు ఎండాడలో సముద్రం వైపు, ఉద్యోగం కూర్మన్నపాలెం దగ్గర. రోజూ రానూపోనూ యాభై కిలోమీటర్ల పైనే. డిసెంబరులో అత్తమామలను తీసుకుని అరకు వెళ్లాలి, మొత్తం ఐదుగురం. ఎంత పెట్టాలో లెక్క తెలిసినవాళ్లు చెప్పండి.

పాత_గేరేజి | 8 నవంబరు, రాత్రి 10:05

బాబూ, గాలి సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ఆ బుడిపె టైరుతో ఎల్లుండి ఆఫీసుకి వెళ్లకండి. స్టెప్నీ వేసుకోండి.

టైరు పక్కగోడ లోపల దారాల పొర ఉంటుంది. గాలి ఒత్తిడిని ఆపేది రబ్బరు కాదు, ఆ దారాలే. గొయ్యి అంచుకీ రిమ్ముకీ మధ్య టైరు నలిగినప్పుడు అవి తెగాయి. ఇప్పుడు ఆ చోట వట్టి రబ్బరు గాలిని మోస్తోంది. ఎప్పుడు పగులుతుందో ఎవరూ చెప్పలేరు. హైవే మీద 80లో పగిలితే స్టీరింగ్ ఎడమకు లాగేస్తుంది. దీనికి ప్యాచీ లేదు, లోపల ముక్క అతికిస్తామనే వాళ్ల మాట వినకండి. కొత్త టైరే. నేను ముప్పై ఏళ్లు టైర్ల పని చేశాను, ఈ విషయంలో మాత్రం ఎవరికీ సడలింపు ఇవ్వలేదు.

ఎండాడ_సెడాన్ | 8 నవంబరు, రాత్రి 10:20

థాంక్స్ మాస్టారూ. ఇప్పుడే కిందకెళ్లి స్టెప్నీ చూశాను. అది పాత 16 అంగుళాలదే. గేజి పెడితే 14 చూపించింది. రేపు పొద్దున్నే గాలి కొట్టించి మార్చేస్తాను.

మధురవాడ_క్యాబ్ | 9 నవంబరు, ఉదయం 6:15

నా అనుభవం చెప్తాను. రోజుకు 200 కిలోమీటర్లు తిప్పుతాను, ఎయిర్‌పోర్టు, రుషికొండ, భీమిలి, ఎక్కడికైనా. 185/65 ఆర్15 టైర్లు. ఆరేళ్లుగా 38కి తగ్గించలేదు, ఒక్క రిమ్ము కూడా వంగలేదు. మైలేజీ కూడా బాగా వస్తుంది. పంచరు షాపాయన తప్పు చెప్పలేదు అన్నా.

పాత_గేరేజి | 9 నవంబరు, ఉదయం 7:30

తమ్ముడూ, నీ మాట కొట్టిపారేయను. గాలి తక్కువైతే రిమ్ము దెబ్బ తింటుందన్నది నిజమే, షాపాయన భయం అక్కడి నుంచే వచ్చింది. కానీ ఒక పని చెయ్యి. ఈ రోజు బండి ఆపినప్పుడు ఒక టైరు గాడి లోతు మధ్యలో ఎంతుందో, అంచుల్లో ఎంతుందో చూడు. నేను చెప్పను, నువ్వే చూసి రాయి.

లెక్కల_మాస్టారు | 9 నవంబరు, ఉదయం 8:10

ఎండాడ సోదరా, మీ ప్రశ్నకు లెక్క ఉంది. కాస్త ఓపిగ్గా చదవండి.

225/45 అంటే వెడల్పు 225 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 45 శాతం, అంటే 101 మిల్లీమీటర్లు. కంపెనీ టైరు 205/55, దాని పక్కగోడ 113 మిల్లీమీటర్లు. మొత్తం చక్రం ఎత్తు రెండింటికీ దాదాపు ఒకటే, 632, 634. కాబట్టి స్పీడోమీటరుకు ఇబ్బంది లేదు. పోయిందల్లా ఆ 12 మిల్లీమీటర్ల రబ్బరే. గొయ్యిలో పడినప్పుడు రిమ్ముకు రక్షణ అదే కాబట్టి, గాలి నాలుగు పాయింట్లు, అంటే నాలుగు పీఎస్‌ఐ, తక్కువైనా పాత టైరు క్షమించేది, ఇది క్షమించదు.

ఇక బరువు. టైరు మీద 94 అనేది లోడ్ ఇండెక్స్, ఒక్కో టైరు మోయగల బరువుకు గుర్తు. 94 అంటే 670 కిలోలు. కంపెనీ టైరు 91 అయి ఉంటుంది, అంటే 615 కిలోలు. "మనది ఎక్కువ మోసే టైరు కదా, గాలి తక్కువైనా పర్లేదు" అని చాలామంది అనుకుంటారు. అక్కడే పొరపాటు. మామూలు టైరు తన 615 కిలోలను 2.5 బార్ (సుమారు 36 పీఎస్‌ఐ) దగ్గర మోస్తుంది. ఎక్స్‌ఎల్ టైరు, అంటే ఎక్కువ బరువు మోసే రకం, తన 670 కిలోలను 2.9 బార్ (సుమారు 42 పీఎస్‌ఐ) దగ్గర మోస్తుంది. గాలి తగ్గితే మోసే బరువూ తగ్గుతుంది. 33 పీఎస్‌ఐ దగ్గర కంపెనీ టైరు సుమారు 570 కిలోలు మోస్తుంది. అదే 570 మీ ఎక్స్‌ఎల్ టైరు మోయాలంటే 34.5 కావాలి. అంటే స్టిక్కర్ అంకె కంటే ఒకటిన్నర, రెండు పాయింట్లు ఎక్కువ. మీకు చల్లటి టైరు మీద 35. అంతే. 32 తక్కువ, 40 అనవసరం.

ఎండాడ_సెడాన్ | 9 నవంబరు, ఉదయం 8:45

ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదండీ. ఒక్క సందేహం. టైరు మీదే "గరిష్ఠం 50 పీఎస్‌ఐ" అని అచ్చు వేసి ఉంది. అంత వరకూ పెట్టొచ్చనే కదా దాని అర్థం?

పాత_గేరేజి | 9 నవంబరు, ఉదయం 9:20

కాదు బాబూ. అది టైరు తట్టుకునే హద్దు, మీ బండికి కావలసిన అంకె కాదు. అదే టైరును వేరే బరువున్న వేరే బండికీ వేస్తారు. టైరు చేసినవాడికి మీ బండి తెలియదు, బండి చేసినవాడికి తెలుసు. అందుకే అంకె ఎప్పుడూ డోరు స్టిక్కర్ నుంచే మొదలవ్వాలి. సైజు మారితే మాస్టారు చెప్పినట్టు సవరించుకోవాలి.

40 పెడితే ఏమవుతుందంటారా? టైరు మధ్యలో ఉబ్బి, నడుమ భాగమే రోడ్డును పట్టుకుంటుంది. బ్రేకు వేసినప్పుడు పట్టు తగ్గుతుంది, వానలో ఇంకా తగ్గుతుంది. గట్టిగా ఉన్న టైరు గొయ్యి దెబ్బను మింగదు, సస్పెన్షన్‌కు పంపేస్తుంది. బుష్‌లు, లింకు రాడ్లు తొందరగా పోతాయి. రిమ్ము కాపాడుకోబోయి కింద సామానంతా మార్చిన బళ్లు నా చేతుల మీదుగా చాలా వెళ్లాయి.

తక్కువైతే అంతకంటే ప్రమాదం. పక్కగోడ ప్రతి తిరుగుడుకూ ఎక్కువ వంగుతుంది, వంగిన కొద్దీ వేడెక్కుతుంది. ఎండాకాలం హైవే మీద టైరు పేలడం వెనక చాలాసార్లు ఉండేది ఇదే. పేలగానే గాలి ఎక్కువై పేలిందంటారు. విప్పి చూస్తే లోపలి పక్కగోడ చుట్టూ నల్లటి రబ్బరు పొడి ఉంటుంది. గాలి తక్కువతో నడిచిందనడానికి అదే ఆనవాలు.

కూర్మన్నపాలెం | 9 నవంబరు, మధ్యాహ్నం 1:30

అసలు మీరు నమ్ముతున్న గేజి ఏది? నేను ఒకే టైరును ఒకే రోజు మూడు బంకుల్లో చూపించాను. 31, 34, 36. డిజిటల్ డబ్బా "కీక్" అనగానే సరిపోయిందనుకుంటాం. పైపు రోజంతా నేల మీద పడి ఉంటుంది, బళ్లు దాని మీద నుంచే వెళ్తాయి. తప్పు చూపించడంలో వింతేముంది. సొంత గేజి ఒకటి కొనుక్కోండి, డ్యాష్‌బోర్డులో పడి ఉంటుంది.

ఎండాడ_సెడాన్ | 9 నవంబరు, మధ్యాహ్నం 2:00

గేజి ఉందండి. పొద్దున ఇంటి దగ్గర 33 ఉన్నది ఆఫీసుకెళ్లాక 37 చూపిస్తుంది. నేను దింపేసి 33 చేస్తున్నాను. తప్పా?

లెక్కల_మాస్టారు | 9 నవంబరు, మధ్యాహ్నం 2:25

ఆ పని ఈ రోజు నుంచే మానేయండి. స్టిక్కర్ అంకె చల్లటి టైరుకు. బండి కనీసం మూడు గంటలు ఆగి ఉండాలి, లేదా రెండు మూడు కిలోమీటర్లకు మించి నడిచి ఉండకూడదు. నడిస్తే గాలి వేడెక్కి మూడు నుంచి ఐదు పాయింట్లు పెరగడం సహజం. బండి తయారు చేసినవాళ్లు ఆ పెరుగుదలను లెక్కలోకి తీసుకునే చల్లటి అంకె ఇస్తారు. వేడి మీద 33కి దింపితే, రాత్రి చల్లారాక అది 29 అవుతుంది. గొయ్యిలో పడిన రోజు మీ టైరులో నిజంగా ఉన్నది 32 కాదు, 28, 29 అయి ఉంటుందని నా అనుమానం. ఆ రోజు కూడా ఆఫీసు దగ్గర దింపారా?

ఎండాడ_సెడాన్ | 9 నవంబరు, మధ్యాహ్నం 2:40

ముందు రోజు దింపాను. ఇప్పుడు అర్థమైంది.

లెక్కల_మాస్టారు | 9 నవంబరు, మధ్యాహ్నం 2:55

బాధపడకండి, చాలామంది చేసే పనే. ఒక్కటి గుర్తుంచుకోండి: ప్రతి 5, 6 డిగ్రీల ఉష్ణోగ్రత తేడాకు సుమారు ఒక పీఎస్‌ఐ. మన ఊళ్లో బండి ఒక పక్క ఎండలో, ఒక పక్క గోడ నీడలో ఆగి ఉంటే రెండు వైపులా అంకె వేరుగా వస్తుంది. అది లీకు కాదు. సూర్యుడు రాకముందు చూసుకుంటే ఈ గొడవే ఉండదు.

మధురవాడ_క్యాబ్ | 9 నవంబరు, రాత్రి 8:50

గేరేజి అన్నా, చూశాను. మధ్యలో 2 మిల్లీమీటర్లు, రెండు అంచుల్లో 4. నాలుగు టైర్లూ ఇంతే. టైరు ఇంకా ఏడాది వస్తుందనుకున్నాను.

పాత_గేరేజి | 9 నవంబరు, రాత్రి 9:15

1.6కి వస్తే టైరు అయిపోయినట్టే, గాడి అడుగున ఉండే చిన్న గట్టు చెప్పేది అదే. మధ్యలో నీకు మిగిలింది 0.4. అంచుల్లో ఉన్న 4 మిల్లీమీటర్ల రబ్బరు వాడకుండానే పారేయాలి. మైలేజీలో మిగిలిన డబ్బు టైర్లలో పోయింది తమ్ముడూ. నీ బండి స్టిక్కర్ ఎంత చెప్తోంది?

మధురవాడ_క్యాబ్ | 9 నవంబరు, రాత్రి 9:20

మామూలుకు 32, నిండా జనం ఉంటే 35. రేపటి నుంచి 34 పెడతాను. ఎయిర్‌పోర్టు ట్రిప్పుల్లో సామాను ఉంటుంది కదా.

పాత_గేరేజి | 9 నవంబరు, రాత్రి 9:30

సరైన మాట.

భీమిలి_గాలి | 10 నవంబరు, ఉదయం 7:00

వారానికి 3 తగ్గుతున్న టైరు గురించి ఎవరూ మాట్లాడలేదు. మంచి టైరులో కూడా నెలకు ఒకటీ రెండు పాయింట్లు తగ్గడం మామూలే. వారానికి 3 మామూలు కాదు.

నాది భీమిలి. ఇల్లు కెరటాలకు రెండు వందల గజాలు. నాకు ఇదే జరిగింది. టైరును నీళ్ల తొట్టిలో ముంచి తిప్పి "మేకు లేదు" అన్నారు. కారణం మేకు కాదు, ఉప్పు గాలి. అల్లాయ్ అంటే అల్యూమినియం. టైరు అంచు రిమ్ము మీద కూర్చునే చోట పెయింటు లేచిపోయి లోపలికి ఉప్పు తేమ చేరితే తెల్లటి పొడి పడుతుంది. ఆ పొడి మీద రబ్బరు సరిగ్గా అంటుకోదు. సన్నగా, కంటికి కనపడకుండా గాలి పోతూనే ఉంటుంది. లో ప్రొఫైల్ టైరులో గాలి ఉండే చోటే తక్కువ, అందుకే అంతే లీకుకు అంకె ఇంకా త్వరగా పడిపోతుంది.

సబ్బు నీళ్లు చిక్కగా కలిపి రిమ్ము అంచు చుట్టూ, రెండు వైపులా, వాల్వు చుట్టూ, వాల్వు నోట్లో పొయ్యండి. ఐదు నిమిషాలు కదలకుండా చూడండి. తొందరపడితే కనపడదు. ఆవగింజల్లాంటి తెల్లటి నురుగు వస్తుంది.

వాల్వు మూతల సంగతి కూడా చెప్పాలి. అందానికి అల్యూమినియం మూతలు పెడుతున్నారు. ఇత్తడి వాల్వు మీద ఉప్పు తేమ తగిలితే అవి కరుచుకుపోతాయి. నాకు ఒకటి తిప్పుతుంటే వాల్వు కాడతో సహా ఊడి వచ్చింది, టైరు రెండు నిమిషాల్లో కూర్చుంది. సముద్రం దగ్గర ఉండేవాళ్లకు ప్లాస్టిక్ మూతే మంచిది. కానీ మూత మాత్రం తప్పక ఉండాలి, లేకపోతే ఇసుక పోయి వాల్వు పిన్ను సరిగ్గా మూసుకోదు.

కూర్మన్నపాలెం | 10 నవంబరు, ఉదయం 9:10

మరి నైట్రోజన్ పెట్టిస్తే ఈ బాధ తప్పుతుందా? షోరూముల్లో అదే చెప్తారు.

లెక్కల_మాస్టారు | 10 నవంబరు, ఉదయం 9:50

మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్. మిగతాది కూడా నైట్రోజన్ చేస్తే రబ్బరులోంచి ఇంకడం కొంచెం నెమ్మదిస్తుంది, తేమ ఉండదు. రిమ్ము దగ్గర సందు ఉంటే అందులోంచి రెండూ ఒకేలా పోతాయి. వేడికి నైట్రోజన్ పెరగదన్నది సరికాదు, పొడి గాలి ఎంత పెరుగుతుందో అదీ దాదాపు అంతే పెరుగుతుంది. ఉచితంగా పెడితే పెట్టించుకోండి. నైట్రోజన్ దొరకలేదని తక్కువ గాలితో తిరగడం మాత్రం వద్దు, రెండూ కలిసినా ఏమీ కాదు.

ఎండాడ_సెడాన్ | 16 నవంబరు, సాయంత్రం 6:30

వారం తర్వాత వచ్చాను. భీమిలి గారూ, మీరు చెప్పినట్టే జరిగింది. రిమ్ము లోపలి వైపు అంచు దగ్గర, ఒక బెత్తెడు పొడవున తెల్లటి నురుగు. టైరు విప్పించాను. రిమ్ము మీద సున్నం పూసినట్టు పొడి. వైరు బ్రష్షుతో, తర్వాత సన్న గరుకు కాగితంతో శుభ్రం చేయించి, సీలర్ పూసి మళ్లీ ఎక్కించారు. ఈ ఆరు రోజుల్లో 35 నుంచి కదల్లేదు. వాల్వులు నాలుగూ కొత్తవి వేయించాను, ప్లాస్టిక్ మూతలతో.

బుడిపె టైరు తీసేశాను. మిగతావి సగానికి పైగా అరిగాయి కాబట్టి ఒక జత కొన్నాను. నేను కొత్తవి ముందు వేయమన్నాను, షాపులో వెనక వెయ్యాలన్నారు. ఏది సరి?

పాత_గేరేజి | 16 నవంబరు, రాత్రి 7:10

వెనకే. వానలో ముందు టైర్లు జారితే యాక్సిలరేటర్ తగ్గించి సర్దుకోవచ్చు. వెనక టైర్లు జారితే బండి తిరిగిపోతుంది, దాన్ని పట్టుకోవడం మనలాంటి మామూలు డ్రైవర్లకు చేతకాదు. ఎండాడ నుంచి హనుమంతవాక వైపు వాలులో మొదటి వానకు చూస్తాం కదా. కొత్త టైరు పక్కన నాలుగంకెలు కూడా చూసుకోండి. 2324 అంటే 2024లో 23వ వారం తయారీ.

ఘాట్‌రోడ్డు_ప్రేమ | 17 నవంబరు, ఉదయం 6:40

అరకు ప్రయాణం నా విషయం. ప్రతి చలికాలం వెళ్తాను. ఐదుగురు, డిక్కీ నిండా సామాను అంటే స్టిక్కర్‌లో రెండో వరస చూడండి. చాలా సెడాన్లకు నిండు లోడుకు వెనక టైర్లు ముందు వాటికంటే ఎక్కువ చెప్తారు. బయల్దేరే రోజు తెల్లవారుజామున ఇంటి దగ్గరే కొట్టుకోండి. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది, అప్పటికి టైరు వేడెక్కి ఉంటుంది, అక్కడ చూసి దింపకండి. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు అలాగే ఉంచొద్దు, రెండో గేరులో దిగండి. బ్రేకుల వేడి రిమ్ముకూ, రిమ్ము నుంచి టైరుకూ ఎక్కుతుంది.

ఎండాడ_సెడాన్ | 17 నవంబరు, ఉదయం 8:00

స్టిక్కర్ రెండో వరసలో ముందు 35, వెనక 38 ఉంది. నా టైర్లకు ఇంకో రెండు కలిపి 37, 40 పెడతాను. మరి అక్కడి చలికి తగ్గిపోదా?

లెక్కల_మాస్టారు | 17 నవంబరు, ఉదయం 8:35

ఇది చాలా మంచి ప్రశ్న. వైజాగ్‌లో తెల్లవారుజామున 20 డిగ్రీలు, అరకులో 9 అనుకోండి. ఆ 11 డిగ్రీల చలికి రెండు పాయింట్లు తగ్గుతుంది. కానీ అరకు 900 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ బయటి గాలి ఒత్తిడి తక్కువ. గేజి చూపేది లోపలికీ బయటికీ తేడా మాత్రమే. ఎత్తు వల్ల ఆ తేడా ఒకటిన్నర పాయింట్లు పెరుగుతుంది. రెండూ కలిపితే అర పాయింటు తేడా. ఏమీ చేయక్కర్లేదు.

ఎండాడ_సెడాన్ | 22 డిసెంబరు, రాత్రి 8:15

అరకు వెళ్లి క్షేమంగా వచ్చాం. బయల్దేరేటప్పుడు 37, 40. మర్నాడు పొద్దున అరకులో, అద్దాల మీద మంచు తుడుచుకుంటూ, గేజి పెట్టాను. ముందు 36.5, వెనక 39.5. మాస్టారూ, మా మామగారు లెక్కల టీచరుగా రిటైరయ్యారు, మీ లెక్క చూపిస్తే కాగితం తెచ్చుకుని మళ్లీ వేసి చూశారు. మా ఆవిడ నడుము నొప్పి ఊసెత్తలేదు. తిరిగొచ్చాక మళ్లీ 35కి దింపాను, పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు.

స్టెప్నీలో 14 ఉందన్న సంగతి మాత్రం మర్చిపోలేకపోతున్నాను. ఆ రాత్రి కిందకెళ్లి చూడకపోతే, ఘాట్‌లో ఎక్కడో అది తెలిసేది.

పాత_గేరేజి | 22 డిసెంబరు, రాత్రి 8:40

స్టెప్నీని అందరూ మర్చిపోతారు బాబూ. దానికి రెండు మూడు పాయింట్లు ఎక్కువే పెట్టి ఉంచండి, అవసరమైతే దింపుకోవచ్చు, రోడ్డు మీద ఎక్కించుకోలేం. సన్నటి టెంపరరీ స్టెప్నీ ఉన్న బళ్లకైతే 60 పీఎస్‌ఐ రాసి ఉంటుంది, అది అచ్చు తప్పు కాదు, అంతే పెట్టాలి.

కూర్మన్నపాలెం | 22 డిసెంబరు, రాత్రి 9:05

నా గేజి సరైనదో కాదో ఇప్పటికీ తెలియదు. ఎవరైనా ఆదివారం కలిస్తే పోల్చి చూసుకుందామా?

భీమిలి_గాలి | 22 డిసెంబరు, రాత్రి 9:20

తెన్నేటి పార్కు దగ్గరకు పొద్దున ఏడున్నరకు వస్తాను. గేజిలు పోల్చడానికి టైరు చల్లగా ఉండక్కర్లేదు, ఒకే టైరు మీద అన్నీ వరసగా పెట్టి చూస్తే చాలు.

మధురవాడ_క్యాబ్ | 22 డిసెంబరు, రాత్రి 9:25

నేనూ వస్తాను. కొత్త టైర్లు వేయించాను, 34 పెట్టాను. ఎయిర్ పంపు నా డిక్కీలో ఉంటుంది, ఎవరికైనా తక్కువ ఉంటే అక్కడే కొట్టుకోవచ్చు.